చెత్త ఫోల్డర్‌లో పెళ్లి భోజనం

మా వైపు పెళ్లి వీడియోను ఎవరూ పెళ్లికొడుకు కోసం చూడరు. పెళ్లికూతురి కోసం అసలే చూడరు. తాళి కట్టే ఘట్టాన్ని గబగబా ముందుకు పరిగెత్తించి, భోజనాల దగ్గరికి రాగానే ఆపుతారు. రిమోటు చేతిలో పట్టుకుని, ఒక్కో పంక్తినీ నిలిపి, ఒక్కో మొహాన్నీ పోల్చుకుంటారు. ఎవరు వచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి ఓళిగ మీద, అదే బొబ్బట్టు మీద, ఎవరు ఇంకో గరిటె నెయ్యి వేశారు. ఇదంతా తేలితే గానీ ఇంట్లోవాళ్లకు పెళ్లి జరిగినట్టుండదు.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో, మిద్దె మీద ఒకే ఒక్క గదిలో పన్నెండేళ్లు అలాంటి వీడియోలు తీసి ఎడిటింగ్ చేశాను. పాట బాగా కుదిరిందనో, రంగులు బాగున్నాయనో నన్ను మెచ్చుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో ఒకరు మా అమ్మ. "మావాడు కనపడకుండా చూడప్పా" అంటూ మెట్లెక్కి వచ్చినవాళ్లు మాత్రం చాలామంది. మనుషుల్ని అందంగా చూపించే పని నేర్చుకున్నాననుకుని అంగడి తెరిచాను. గిరాకీ అంతా మనుషుల్ని మాయం చేయడంలో ఉందని తర్వాత తెలిసింది.

బాంబుల కాలం పోయిందని అప్పట్లో పేపర్లు రాసేవి. పోయిన మాట నిజమే. పాత కక్షలకు పార్టీ కండువాలు వచ్చాయి, అంతే. వెనకటి రోజుల్లో రెండు పక్కల వాళ్లూ ఎదురుపడితే కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు కేసులు పెట్టుకుంటున్నారు. ఒక ఊళ్లో ముగ్గురు కలిసి ఒకణ్ణి కొడితే కంప్లెయింటులో పన్నెండు పేర్లుంటాయి. మిగిలిన తొమ్మిదిమందీ అవతలి పక్క కాస్త చదువో, ట్రాక్టరో, నోరో ఉన్నవాళ్లు. మొదటి పేరు ఎప్పుడూ ఆ పక్క నాయకుడిదే. ఏ-వన్‌గా, అంటే మొదటి ముద్దాయిగా, పేరు రాకపోతే ఆయనకే చిన్నతనం.

అలాంటి ఊళ్ల మధ్య తిరుగుతూ నేను బుద్ధి తక్కువ పని ఒకటి చేశాను. నా దగ్గరున్నది ఫోటోలు తీసే డిజిటల్ కెమెరా. వీడియో కూడా తీస్తుంది గానీ, ఇంతకు మించి వివరంగా తీయకూడదని తయారుచేసినవాళ్లు దానికి ఒక హద్దు పెట్టి పంపారు. పులివెందులలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన ఆ హద్దును తెంచే ప్రోగ్రాం ఎక్కడో ఇంటర్నెట్‌లో సంపాదించాడు. దాన్ని మెమరీ కార్డులో ఎక్కించి, కార్డును కెమెరాలో తోసి, రెండు మీటలు నొక్కి నా చేతిలో పెట్టాడు.

"ఇంగ దీనికి అడ్డం లేదబ్బా. సినిమా కెమెరా అనుకో," అన్నాడు.

అడ్డం లేకపోవడం మా జిల్లాలో గొప్ప గుణం. నేను మురిసిపోయాను.

ఆ హద్దు ఊరికే పెట్టలేదని మొదటి పెళ్లిలోనే తెలిసింది. వీడియో అంటే సెకనుకు ఇరవై ఐదు ఫోటోలు. ఒక్కో ఫోటోను ఫ్రేము అంటాం. కొత్త ప్రోగ్రాంతో ఒక్కో ఫ్రేము ఎంత బరువెక్కిందంటే, కెమెరా పంపే వేగానికి కార్డు మింగలేకపోయేది. మింగలేనప్పుడు సగం ఫ్రేమే పడేది. మిగతా సగంలో, కెమెరా లోపల అంతకు ముందెప్పుడో మిగిలిపోయిన పాత ఫ్రేము ముక్క వచ్చి కూర్చునేది. పైన ఇప్పటి బొమ్మ, కింద పది సెకన్ల కిందటి బొమ్మ, మధ్యలో కత్తితో కోసినట్టు ఒక అడ్డగీత. కొన్ని ఫ్రేములు ఏ కారణమూ లేకుండా గులాబీ రంగుకు తిరిగేవి. ఒక పెళ్లిలో పురోహితుడి నడుము మీద పెళ్లికూతురి తల వచ్చింది.

సెకనులో ఇరవై ఐదో వంతు మాత్రమే కనపడి పోయే లోపాలవి. మామూలుగా చూసేవాళ్ల కంటికి ఆనవు. కానీ మావాళ్లు నిలిపి నిలిపి చూసేవాళ్లు కదా. ఒక నాయకుడి పుట్టినరోజు వీడియోలో, కేకు కోసే చోట, ఒకే ఒక్క ఫ్రేములో ఆయన తల ఉండాల్సిన చోట వెనక గోడ వచ్చింది. మరుసటి రోజు నలుగురు మా మెట్లెక్కారు.

"మాయన్నకు తల లేకుండా చేస్తావా? ఎవురు చెప్పినారు నీకు ఈ పని?" అన్నాడు ముందున్నవాడు.

ఇంకో జిల్లాలో అయితే దాన్ని సాంకేతిక లోపం అంటారు. మా దగ్గర అది బెదిరింపు. కార్డు, వేగం, బరువు అంటూ నేను చెప్పినదంతా అతను ఓపికగా విన్నాడు.

"సరే, ఆ కార్డు ఏ పార్టీది?" అని అడిగాడు చివర్లో.

ఆ రోజు నుంచి తెగిన ఫ్రేముల్ని పట్టుకోవడంలో నేను పండిపోయాను. వేగం ఎక్కువ ఉన్న కార్డు కొన్నాను. బొమ్మ కొలత కాస్త తగ్గించాను. కెమెరా వేడెక్కితే తువ్వాలు తడిపి చుట్టి పక్కన పెట్టాను. ఎన్ని చేసినా పెళ్లికి ముప్పై నలభై చోట్ల తెగేది. అప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ వెతికి, చెడిన ఫ్రేమును తీసేసి, దాని పక్కనున్న మంచి ఫ్రేమును ఆ చోట రెండోసారి పెట్టేవాణ్ణి.

ఏ సగం తాజాది, ఏ సగం పాతది అని తేల్చడానికి ఒక కిటుకుంది. పై సగంలో కదిలేది ఒకటి, కింది సగంలో కదిలేది ఒకటి పట్టుకోవాలి. పైన ఫ్యాను రెక్కో, గోడ గడియారంలో సెకన్ల ముల్లో. కింద వడ్డించేవాడి గరిటె, లేదా ఎవరి చెయ్యో. రెండూ పక్క ఫ్రేములతో వరుస తప్పకుండా నడిస్తే ఆ ఫ్రేము నిజం. ఒకటి నడిచి ఒకటి నడవకపోతే అది అతుకు. మరీ పాడైపోయిన క్లిప్పుల్ని 'చెత్త' అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో పడేసేవాణ్ణి. తుడిచేయాలనుకుంటూనే ఎప్పుడూ తుడవలేదు. అది ముందుచూపు కాదు, బద్ధకం.

ఇక మామ సంగతి.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. పెద్దముడియం దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్లో గొర్రెలు కాచుకుంటూ, నల్లరేగడిలో శనగ వేసుకుని బతికే మనిషి. నేను నిక్కర్లు వేసుకునేటప్పటి నుంచీ నన్ను అల్లుడా అనేవాడు. ఊళ్లో ఆయన 'పెద్దాయన' పక్క. పెద్దాయన అంటే వయసుకు కాదు, ఆ పక్క నాయకుడు కాబట్టి. పెద్దాయన రమ్మంటే వెళ్లడం, ఎక్కమంటే జీపెక్కడం, ఓటు వేయమన్న చోట వేయడం, ఇంతకు మించి రాజకీయం మామకు తెలియదు. ఆ మాత్రం తెలిసినవాళ్లతోనే మా ఊళ్లు నిండి ఉండేవి.

చిన్నప్పుడు మామతో కలిసి గొర్రెలు కాచిన స్నేహితుడొకాయన ఉన్నాడు. ఊరు రెండు పక్కలుగా చీలినప్పుడు ఆయన ఇల్లున్న వీధి అటు పక్కకు పోయింది. వీధి పోయింది కాబట్టి ఆయనా పోయాడు. పదేళ్లుగా ఇద్దరూ నలుగురిలో మాట్లాడుకోలేదు. ఆ స్నేహితుడి కూతురి పెళ్లి జమ్మలమడుగులో ఒక కళ్యాణమండపంలో జరిగింది. వీడియో తీయడానికి వెళ్లింది నేనే.

"అంతా తియ్యప్పా. పైన గది తట్టు మాత్రం కెమెరా తిప్పాకు," అన్నాడు పెళ్లికూతురి తండ్రి పొద్దున్నే.

పైన సీసాలున్నాయనుకుని తలూపాను. మండపాల్లో మిద్దె మీది గదులు అందుకే ఉంటాయి.

మధ్యాహ్నం ఆఖరి పంక్తికి మామ వంటగది పక్క వాకిలి నుంచి లోపలికొచ్చాడు. తెల్ల చొక్కా కొత్తది, మడతలు కూడా విప్పుకోలేదు. చంకలో ఒక గొంగళి. తన గొర్రెల ఉన్నితో నేయించినది. దాన్ని స్నేహితుడి చేతిలో పెట్టి, పంక్తి చివర, వెనక మెట్ల పక్కన, పొగ కొట్టే మూలలో కూర్చున్నాడు. అక్కడ ఎవరూ కూర్చోరు. ఎవరికీ కనపడకుండా ఉండాలనుకునేవాడికి అంతకంటే మంచి చోటు లేదు. స్నేహితుడు వచ్చి తానే వడ్డించాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నాకు కళ్లు చెమర్చాయి. గొంగళి ఇచ్చేదీ, వడ్డించేదీ రెండు క్లిప్పులు తీశాను. తర్వాత కెమెరాను స్టాండు మీద ఆ మూలకే తిప్పి ఉంచి, ఆడుతుండగానే వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాను.

సరిగ్గా అదే మధ్యాహ్నం మామ ఊళ్లో, బస్సులు ఆగే చోట, పెద్దాయన మనుషులు అవతలి పక్క మనిషిని కట్టెలతో కొట్టి తల పగలగొట్టారు. ప్రాణం పోలేదు.

మూడో రోజు మామ మా మెట్లెక్కి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అల్లుడా, నన్ను తీసెయ్," అన్నాడు.

"యాడ నుంచి మామా?"

"పెండ్లి నుంచి. నేను ఆడికి పోలా. నువ్వు చూడలా."

"గొంగళి ఇస్తివి గదా!"

"గొంగళి గూడా ఇయ్యలా," అన్నాడు. అని, గొంతు తగ్గించాడు. "పెద్దాయనకు తెలిస్తే నా మొగం చూడడు. ఆ పొద్దు ఆయన మన పక్క మంచికని గండిలో ఆంజనేయసామికి పూజ చేపిస్తాండె. నేను ఈడ ఎదుటి పక్కోళ్ల పెండ్లిలో ఓళిగలు తింటి. ఏం మనిషిని నేను?"

ఆయన కళ్లెదుటే రెండు క్లిప్పులూ తుడిచేశాను. అదే సమయంలో తెర మీద ఒక తెగిన ఫ్రేము నిలిచి ఉంది. వరుడి మొహం కింద రెండు అన్నం గంపలు. మామ వంగి చూశాడు.

"ఇదేందిది?"

"కెమెరాదే తప్పు మామా. పైనుండేది ఒక టైము, కిందుండేది ఒక టైము. రెండూ అతుక్కుపోయినాయి."

"మన ఊరి మాదిరే ఉండాదే," అని నవ్వి, నిశ్చింతగా దిగిపోయాడు.

పది రోజులు గడిచాయి. తల పగిలి ఆస్పత్రిలో ఉన్న మనిషికి స్పృహ బాగుపడే కొద్దీ పేర్లు గుర్తొచ్చాయి. మొదట అయిదు చెప్పాడు. తర్వాత ఇంకో నాలుగు. ఆ నాలుగింటిలో మామ పేరుంది. ఏ-సెవెన్. కట్టె పట్టుకుని కొట్టినట్టుగా. హత్యాయత్నం, సులువుగా బెయిలు రాని సెక్షను. విచిత్రమేమిటంటే, ప్రతి కేసులోనూ ఏ-వన్‌గా వెలిగే పెద్దాయన పేరు ఈసారి ఎక్కడా లేదు. ఆయన పలుకుబడి అని మేమంతా గొప్పగా చెప్పుకున్నాం.

పెద్దాయన మామను పిలిపించి, స్టేషన్లో కనపడి రమ్మన్నాడు. వారంలో బయటికి తెస్తానన్నాడు. మామ ఆ మాట మీద అదే తెల్ల చొక్కా వేసుకుని వెళ్లి లొంగిపోయాడు. వారం కాదు, మూడు వారాలైనా రాలేదు.

ఆ మధ్యాహ్నం మామ పెళ్లిలో తింటున్నాడని పెళ్లిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఒక్కరూ చెప్పలేరు. పెళ్లికూతురి తండ్రి చెబితే, కేసు పెట్టిన తన పక్కవాళ్లను అబద్ధాలకోరులన్నట్టు. మామ తానే చెబితే, తన పక్కకు ద్రోహం చేసినట్టు. అందువల్ల అందరికీ తెలిసిన నిజం ఎవరి నోటా రాకుండా భద్రంగా ఉండిపోయింది.

చెప్పడానికి సిద్ధపడింది మామ భార్య ఒక్కతే. ఒక సాయంత్రం ఆమె మా మెట్లెక్కింది. నేను ఆమెను అత్తా అంటాను.

"వకీలు చెప్పినాడు నాయనా. ఆ పొద్దు మీ మామ ఆడ బువ్వ తింటాండేది, టైము తెలిసేటట్టు, ఒక్క ముక్క ఉంటే చాలంట. బెయిలు వస్తాదంట," అంది.

"మామే తీసేమని చెప్పినాడు అత్తా."

"ఆయనకేం, మర్యాదలు చూసుకుంటాడు. మేపేవాళ్లు లేక సగం మందను చెన్నూరులో మా చెల్లెలింటికి తోలిస్తి. మిగిలినవి దొడ్లో అరుస్తాండాయి. పెద్దాయన ఈయన్ను చెడ్డోడనుకుంటే అనుకోనీ, ద్రోహి అంటే అననీ. నాకు మనిషి ఇంటికి రావాల. వెతుకు నాయనా. నీ మీదే ఆశ పెట్టుకోనుండా."

వెతుకుతానన్నాను. అప్పుడు గుర్తొచ్చింది చెత్త ఫోల్డరు. స్టాండు మీద ఆడుతూ వదిలేసిన మూడో క్లిప్పు అందులో ఉంది. మూలలో వేడికి కెమెరా దాన్ని ఎంత పాడు చేసిందంటే, తీసిన రోజే చూడకుండా పక్కన పారేశాను. ఇప్పుడు తెరిచాను. గులాబీ రంగు, తెల్ల చుక్కలు, ప్రతి రెండో ఫ్రేమూ తెగి ఉంది. అయినా అడుగున, పంక్తి చివర, తల వంచుకుని అన్నం కలుపుతున్నది మామే. పైన గోడ మీద గడియారం. ఒంటిగంట దాటి పది నిమిషాలు. ఊళ్లో కట్టెలు లేచిన సమయం.

పొంగిపోయాను. నా జీవితంలో మొదటిసారి ఒక మనిషిని కనపడేలా చేసే పని దొరికింది. రెండు పగళ్లు అంగడి తలుపు దగ్గరగా వేసుకుని ఆ నిమిషం వీడియోను బాగుచేశాను. గులాబీ రంగు తీసేశాను. చుక్కలు పూడ్చాను. పైన సెకన్ల ముల్లు, కింద చారు బకెట్టుతో వంగి వడ్డిస్తున్నవాడి చెయ్యి. ఈ రెండింటినీ పట్టుకుని ఒక్కో ఫ్రేములో ఏ సగం నిజమో తేల్చుకుంటూ, పాత ముక్కల్ని తీసేస్తూ వచ్చాను.

బాగుచేసే కొద్దీ మామ పక్కనున్న మెట్ల మీద ఎవరో కనపడటం మొదలైంది. మొదట ఒక తెల్ల పంచె. ఇంకో ఫ్రేములో కమ్మీ పట్టుకున్న చెయ్యి, ఉంగరంతో. పాత ముక్క అనుకుని తీసేయబోయాను. ముల్లు వరుస సరిపోయింది. చారు బకెట్టు వరుసా సరిపోయింది. ఇంకో పది ఫ్రేములు ముందుకు జరిపాను. మొహం వచ్చింది.

పెద్దాయన. గండిలో పూజ చేయిస్తున్న పెద్దాయన, అవతలి పక్క పెళ్లిలో, మిద్దె మీది గది నుంచి మూతి తుడుచుకుంటూ దిగుతున్నాడు. మూడో మెట్టు మీద ఆగాడు. కింద తల వంచుకుని తింటున్న మామ వైపు చూశాడు. ఏ ఫ్రేముకా ఫ్రేము నిలిపి చూశాను. దాదాపు రెండు సెకన్లు అలాగే చూసి, వంటగది వాకిలి వైపు వెళ్లిపోయాడు. మామ తలెత్తలేదు. ఎవరికీ కనపడకూడదనుకున్న ఇద్దరూ ఒకే మూలను ఎంచుకున్నారు.

ఏ-వన్ ఎందుకు మాయమైందో అప్పుడర్థమైంది. పైన గదిలో ఉన్నవి సీసాలు కావు. ఇద్దరు నాయకుల రాజీ మాటలు. మామ ఆ కట్టె పట్టుకోలేదని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాడు పెద్దాయనే. తెలిసే, స్టేషన్లో కనపడి రమ్మన్నాడు.

ఆ క్లిప్పును వకీలు చేతికిస్తే మామ ఇంటికొస్తాడు. పెద్దాయన గుట్టు కోర్టుకెక్కుతుంది. బయటపెట్టింది ఎవరని నలుగురు మళ్లీ నా మెట్లెక్కుతారు. ఈసారి కార్డు ఏ పార్టీది అని అడగరు. మెట్ల వైపు కత్తిరించి ఇవ్వొచ్చు కదా అని మీరనొచ్చు. నేనూ అనుకున్నాను. అసలు క్లిప్పు తెమ్మని కోర్టు అడుగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. అది నిజమో కాదో వకీలునైనా అడగలేదు. అడిగితే నిజం కాదంటాడేమోనని భయం. దానికి ఇంకో పేరు వెతకను.

"కార్డు తుడిచేసినా అత్తా. ఏం మిగల్లా," అన్నాను ఆమె మళ్లీ వచ్చినప్పుడు.

ఆమె నన్ను తిట్టలేదు. "నువ్వేం చేస్తావులే నాయనా," అని కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది. తిట్టినా బాగుండేది.

మామ కడప జైల్లో మూడు నెలలకు పైగా ఉన్నాడు. అంతలో ఎన్నికలు వచ్చాయి. అవతలి పక్క నాయకుడు ఎండిన పెన్నను దాటినంత సులువుగా పార్టీ మారి పెద్దాయన పార్టీలోకి వచ్చేశాడు. పులివెందుల రోడ్డులో సభ పెట్టారు. ఇద్దరూ ప్రజల మేలు కోరి పాత పగలు మరిచిపోయామని మైకులో చెప్పి, కావలించుకుని, కెమెరాల కోసం ఇంకోసారి కావలించుకున్నారు. ఆ వీడియో తీసింది కూడా నేనే. ఒక్క ఫ్రేము తెగలేదు. అలాంటి పనికి మాత్రం నా కెమెరా ఎంత బాగా కుదురుతుందో!

తల పగిలిన మనిషి తనకు గుర్తొచ్చిన పేర్లన్నీ మళ్లీ మరిచిపోయాడు. కేసు రాజీ అయింది. మామ ఇంటికొచ్చాడు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున మా అంగడికి వచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు.

"ఇంగ నేను కనపడినా ఏం కాదంట అల్లుడా. అందురూ ఒకటే పార్టీ గదా. మా జతగాడే ఇంటికొచ్చి పిలిచినాడు. వాళ్ల పెండ్లి వీడియోలో నన్ను మళ్లా పెట్టు. గొంగళి ఇచ్చేది గూడా పెట్టు," అన్నాడు.

"నీ ఎదురుగానే తీసేసినా గదా మామా."

"యాడన్నా ఒక్క ముక్క లేదా?"

లేదని చెప్పడం నాకప్పటికే అలవాటైన పని. ఎందుకో ఆ పొద్దున నోరు రాలేదు. కంప్యూటరు ఆయన వైపు తిప్పి, బాగుచేసిన క్లిప్పు పెట్టాను. జరిగినదంతా ఒప్పుకుని, ఆయన ఏమంటే అది పడదామనుకున్నాను.

మామ తెర దగ్గరికి జరిగాడు. ముందు తన చొక్కాను చూసుకుని, "కొత్తది అప్పుటికి," అన్నాడు. గడియారం చూశాడు. తర్వాత మెట్ల మీద పంచె కనపడింది. చెయ్యి కనపడింది. పెద్దాయన మూడో మెట్టు మీద ఆగగానే నా వేలు దానంతట అదే మీట నొక్కింది. ఫ్రేము నిలిచిపోయింది.

'ఇది అప్పుడే నీ దగ్గరుండెనా' అని అడుగుతాడని కాచుకుని ఉన్నాను. ఉండింది మామా, భయపడి దాచిపెట్టినా అని చెప్పడానికి మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయన అది అడగలేదు.

"గండిలో ఉండాననె," అన్నాడు మెల్లగా. "నన్నే చూస్తాండాడా?" అన్నాడు.

ఆయన ఇంకాసేపు చూశాడు.

"అల్లుడా, ఆ పొద్దు నువ్వు చెప్పినావే. పైనుండేది ఒక టైము, కిందుండేది ఒక టైము, రెండూ అతుక్కుంటాయి అని. ఇది గూడా అట్లాంటిదేనా?"

ఆ ఫ్రేములో అతుకు లేదు. సెకన్ల ముల్లూ, చారు బకెట్టూ మూడుసార్లు సరిచూశాను. నా చేతుల మీదుగా పోయిన లక్షల ఫ్రేముల్లో అంత నిజమైనది ఇంకోటి లేదు. మామ మొహంలోకి చూశాను. ఆయన రేపు కూడా అదే ఊళ్లో, అదే పెద్దాయన ఇంటి ముందు నుంచి గొర్రెలు తోలుకుని పోవాలి.

"అవును మామా," అన్నాను. "కెమెరాదే తప్పు."

మామ తలూపాడు. మెట్ల తట్టు తెంపేసి తనొక్కణ్ణే పెట్టమన్నాడు. రెండు నిమిషాల పని. ఇప్పుడా వీడియోలో ఆయన ఒక గోడ పక్కన ఒంటరిగా కూర్చుని అన్నం కలుపుకుంటాడు. చుట్టూ ఎవరూ లేరు. పెన్‌డ్రైవులో వేసిస్తే జేబులో పెట్టుకుని, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ ఒక్కసారి ఆగాడు.

"మీ అత్తకు చెప్తాలే. కెమెరాదే తప్పని," అన్నాడు.

ఆ మాట అనేటప్పుడు ఆయన కెమెరా వైపు చూడలేదు. నా వైపు చూశాడు.